నవల చదివాక 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ సినిమా చూడొచ్చా?

మేరీ షెల్లీ నవల చదివేశాను, ఇంత పాత సినిమా ఇప్పుడేం భయపెడుతుంది అని అడిగారు కదా. తప్పకుండా చూడండి. భయం సంగతి ఎలా ఉన్నా, నాకైతే చూసిన ప్రతిసారీ ఫ్రాంకెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త ప్రాణం పోసిన ఆ జీవి మీద జాలితో గొంతు పట్టేస్తుంది.

నవలతో పోల్చుకుంటూ కూర్చుంటే మాత్రం చిరాకొస్తుంది. 1818 నవలలో ఆ శాస్త్రవేత్త పేరు విక్టర్, ఇక్కడ హెన్రీ అయ్యాడు. నవలలో ఆ జీవి మాటలు నేర్చుకుని, మిల్టన్ కావ్యం చదివి, తనను పుట్టించినవాడినే నిలదీస్తాడు. సినిమాలో ఉన్నవి మూలుగులే. పైగా సహాయకుడు నేరస్థుడి మెదడు పట్టుకొచ్చాడని ఒక సీన్ పెట్టారు, అది నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే అందరూ అసహ్యించుకుని తరిమేయడం వల్లే వాడు క్రూరంగా మారాడన్నది నవలకి ప్రాణం.

అయినా ఆ జీవిగా నటించిన బోరిస్ కార్లోఫ్ కోసం ఇవన్నీ క్షమించేయొచ్చు. జాక్ పియర్స్ వేసిన అంత బరువైన మేకప్ కింద నుంచి కూడా ఆ కళ్లు పలుకుతాయి. పైకప్పు తెరిచి మొదటిసారి వెలుతురు రానిచ్చినప్పుడు రెండు చేతులూ ఎత్తి దాన్ని అందుకోబోతాడు, కప్పు మూసేయగానే అవే చేతులు హెన్రీ వైపు చాస్తాడు. ఒక్క డైలాగూ లేదు.

ఇక సరస్సు సీన్. నేను మొదట చూసిన పాత టేపులో ఆ జీవి మరియా అనే చిన్నపిల్ల వైపు చేతులు చాచడం వరకే ఉంది, తర్వాత చనిపోయిన పిల్లను తండ్రి ఎత్తుకుని ఊళ్లోకి నడిచొస్తాడు, మధ్యలో ఏం జరిగిందో అని నా ఆలోచన ఎక్కడెక్కడికో పోయింది. సెన్సార్‌వాళ్లు తీయించిన ఆ ముక్కను 1980లలో తిరిగి కలిపారు. అసలు జరిగింది వేరు: ఇద్దరూ నీళ్లలో పూలు వేసి ఆడుకుంటుంటారు, వాడి చేతిలో పూలు అయిపోతాయి, పిల్ల కూడా అలాగే తేలుతుందనుకుని విసిరేస్తాడు, తేలకపోయేసరికి కంగారుపడి పారిపోతాడు. కోత వేయడం వల్ల సీన్ మెత్తబడలేదు, వాడు ఇంకా పెద్ద దుర్మార్గుడిలా కనిపించాడు.

అందుకే ఆ సీన్ పూర్తిగా ఉన్న ప్రింటే చూడండి. నిడివి దాదాపు 70 నిమిషాలే. టైటిల్స్ దగ్గర తప్ప బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దాదాపు ఉండదు కాబట్టి ఇంట్లో సందడి తగ్గాక పెట్టుకోండి. నచ్చితే ఇదే దర్శకుడు జేమ్స్ వేల్ 1935లో తీసిన ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ కూడా చూడండి, అందులో ఒక గుడ్డి ముసలాయన దగ్గర వాడు మాటలు నేర్చుకుంటాడు.