35 దాటాక అండాల నాణ్యత ఎందుకు తగ్గుతుంది?

చాలామంది తిండినో, ఉద్యోగం ఒత్తిడినో తప్పుపడతారు. అసలు కారణం అండకణం లోపలే ఉంది. జర్మనీలోని గోట్టింగెన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్త మెలీనా షూ దీనిమీదే ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు.

ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు తయారై, విభజన మధ్యలో ఆగిపోతాయి. 40 ఏళ్ళ వయసులో విడుదలయ్యే అండం వయసు కూడా 40 పైనే. అన్నేళ్ళూ క్రోమోజోములను జిగురులా కలిపి ఉంచేది కోహెసిన్ అనే ప్రోటీన్. ఎలుకల్లో చూస్తే అది వయసుతో తగ్గిపోతోంది, మళ్ళీ భర్తీ కావడం లేదు. పట్టు సడలిన క్రోమోజోములు విభజనలో తప్పుగా పంపకమవుతాయి. గర్భస్రావాలకు, డౌన్ సిండ్రోమ్‌కు ఇదొక ముఖ్య కారణం.

అయితే చిన్న వయసు అండాల్లోనూ పొరపాట్లు ఎక్కువే. మహిళలు దానం చేసిన అండాలను షూ బృందం మైక్రోస్కోపు కింద గంటల తరబడి గమనించి, 2015లో ఫలితాలు ప్రచురించింది. క్రోమోజోములను విడదీసే కదురు (స్పిండిల్ అనే సన్నటి పోగుల నిర్మాణం) తయారవడానికే దాదాపు 16 గంటలు పట్టింది, పైగా అది నిలకడగా లేదు. మామూలు కణాల్లో ఈ పని అరగంటలో అయిపోతుంది.

ఎందుకిలా? ఎలుక, ఆవు, పంది అండాల్లో కదురును నిలబెట్టే కెఐఎఫ్‌సి1 ప్రోటీన్ మన అండాల్లో దాదాపు లేదని 2022లో తేల్చారు. దాన్ని బయటినుంచి చేరిస్తే కదురు కుదురుకుంది, తప్పులు తగ్గాయి. నాకు అన్నిటికన్నా ఆశ కలిగించిన ఫలితం ఇదే. కానీ ఇది ఇంకా ప్రయోగశాల దశే, ఆసుపత్రిలో దొరికే చికిత్స కాదు.