అడ్డంగా తిప్పిన పిస్టల్, ముఖం పక్కన పిస్టల్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సినిమాల్లో రౌడీలు పిస్టల్‌ని పక్కకు పడుకోబెట్టి కాలుస్తారు. అలా కాల్చినా గురి కుదురుతుందా? (వరంగల్)

జవాబు: చెయ్యి చాపితే అందేంత దూరంలో అయితే ఎలా పట్టుకున్నా తగలొచ్చు. పది మీటర్లకు పోతే కష్టమే. పిస్టల్ పైన వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న దిమ్మ ఉంటాయి. అవే సైట్లు. పిస్టల్ నిటారుగా ఉంటుందన్న లెక్కతోనే వాటిని అమరుస్తారు. పక్కకు తిప్పితే ఆ లెక్క తప్పుతుంది. అంతకంటే పెద్ద చిక్కు రెండో తూటాతో వస్తుంది. నిటారుగా పట్టుకుంటే పేలినప్పుడు పిస్టల్ మూతి (తూటా బయటికి వచ్చే కొస) పైకి లేచి మళ్లీ దాదాపు అక్కడికే దిగుతుంది. పడుకోబెడితే అదే కుదుపు మూతిని ఎడమ పక్కకు ఈడ్చుకుపోతుంది. చాలా పిస్టళ్లు తూటా పేలాక మిగిలే ఖాళీ తొడుగుల్ని కుడివైపు విసురుతాయి కదా, ఇప్పుడు ఆ కుడివైపు ఆకాశం వైపు ఉంటుంది. కాలిన ఇత్తడి తొడుగు పైకి ఎగిరి మీ మీదే పడుతుంది, చొక్కా కాలర్‌లోకి జారినా జారుతుంది.

మరి ఎందుకు అలా పట్టిస్తారంటే, క్లోజప్‌లో నటుడి ముఖమూ తుపాకీ రెండూ కనిపించాలి. సరైన పద్ధతిలో రెండు చేతులూ చాపితే ముఖం సగం పిస్టల్ వెనకే దాక్కుంటుంది. గోడకు ఆనుకుని పిస్టల్‌ని చెంప పక్కన పైకి ఎత్తి పట్టుకునే పోజుకూ కారణం అదే. లోపలికి దూకేటప్పుడు దాన్ని కిందికి దించి గురి చూసుకోవాలి, ఆ సమయం దండగ.

ప్రశ్న: పోలీసు పాత్రలు కుడిచేత్తో పిస్టల్ పట్టుకుని ఎడమ అరచేతిని పిడి కింద ఆనిస్తాయి. అసలు శిక్షణలో కూడా అంతేనా? (కాకినాడ)

జవాబు: టీ కప్పు కింద సాసర్‌లా ఉండే ఈ పట్టు ఒకప్పుడు రివాల్వర్లతో వాడుకలో ఉన్నదే, ఇప్పుడు ఎవరూ నేర్పరు. బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) చేతికి పైన ఉంటుంది కాబట్టి పేలగానే మూతి పైకి లేస్తుంది. కింద ఆనించిన చెయ్యి బరువు మోస్తుందే తప్ప పైకి లేవడాన్ని ఆపలేదు. ప్రతి తూటాకూ పిడి అరచేతి మీంచి లేచి వస్తుంది, మళ్లీ సర్దుకోవాలి.

ఇప్పటి పద్ధతిలో కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మం పిడి వెనక భాగానికి వీలైనంత పైన ఆనాలి. మూడు వేళ్లు ట్రిగ్గర్ గార్డ్‌కి (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీకి) కింద తాకుతూ చుట్టుకోవాలి. పిడికి ఎడమ పక్కన కొంత ఖాళీ మిగులుతుంది, ఎడమ అరచేతిలో మణికట్టు దగ్గరి మందపాటి భాగం సరిగ్గా అక్కడ కూర్చోవాలి. ఎడమ వేళ్లు కుడి వేళ్ల మీదుగా వస్తాయి. ఎడమ మణికట్టును కాస్త కిందికి వంచితే బొటనవేళ్లు రెండూ ఒకదాని కింద ఒకటి మూతి వైపు చూస్తాయి. గట్టిగా బిగించాల్సింది ఎడమచెయ్యే. కుడిచెయ్యి మరీ బిగిస్తే చూపుడువేలు స్వేచ్ఛగా కదలదు.

తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెప్పుకుందాం. పట్టు కిందికి జారితే మూతి ఎక్కువ ఎగురుతుంది. ఎడమ బొటనవేలిని స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే లోహపు భాగం) వెనక, కుడిచేతి మీద అడ్డంగా వేస్తే స్లైడ్ వెనక్కి వచ్చినప్పుడు దాన్ని కోసేస్తుంది. ఇది కొత్తవాళ్లకు తరచూ తగిలే గాయం. మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ తొడుగు మధ్యలో ఇరుక్కుని పిస్టల్ జామ్ అవుతుంది. బొటనవేళ్లు ముందుకు చాపే ఈ పట్టు రివాల్వర్‌కు పనికిరాదు. దాని సిలిండర్‌కీ (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగానికీ) బ్యారెల్‌కీ మధ్య ఉండే సన్నని సందులోంచి వేడి వాయువు పక్కలకు చిమ్ముతుంది. వేలు అక్కడ ఉంటే అంతే సంగతులు. అందుకే రివాల్వర్‌కు బొటనవేళ్లు కిందికి మడుచుకుంటారు.

రెండు చేతులతో కంటి ఎత్తున కాల్చడం కూడా అంత పాతదేమీ కాదు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ లేక్ పోటీల్లో జాక్ వీవర్ అనే డెప్యూటీ షెరీఫ్ ఇలా కాల్చి గెలవడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా అక్కడ చాలామంది నడుము దగ్గర్నుంచి ఒంటి చేత్తో వేగంగా కాల్చేవాళ్లు. జెఫ్ కూపర్ అనే షూటింగ్ శిక్షకుడు వీవర్ పద్ధతిని పాఠంగా మార్చి ప్రచారం చేశాడు. 1980లలో రాబ్ లేథమ్, బ్రయన్ ఈనోస్ అనే షూటర్లు రెండు చేతుల్నీ సమానంగా ముందుకు చాపే భంగిమతో పోటీలు గెలిచారు. కాబట్టి స్వాతంత్ర్యోద్యమ కాలపు కథలో ఆంగ్లేయ అధికారి ఒంటి చేత్తో కాలిస్తే తప్పు పట్టకండి. ఆ పాత్ర బొటనవేళ్లు ముందుకు చాపి నేటి కమాండోలా పట్టుకుంటేనే నవ్వుకోవాలి.

ప్రశ్న: పారిస్‌లో ఒక టర్కీ షూటర్ ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని కాల్చాడు. అది స్టైలా? (నెల్లూరు)

జవాబు: కాదు, ఒలింపిక్ పిస్టల్ పోటీల్లో ఒంటి చేత్తోనే కాల్చాలి. రెండో చెయ్యి ఊగితే భుజం ఊగుతుంది కాబట్టి దాన్ని జేబులోనో బెల్టులోనో కట్టడి చేస్తారు. దాదాపు అందరూ చేసేదే. 2024లో యూసుఫ్ డికెచ్ మిక్స్‌డ్ టీమ్‌లో రజతం గెలిచాడు. అదే పోటీలో కాంస్యం మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్‌లది. ఇది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, అంటే గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న గుండును కాల్చేది. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, పిస్టల్ బరువు 1,500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ బరువు (దాన్ని లాగడానికి కావాల్సిన బలం) 500 గ్రాములకు తగ్గకూడదు. కుదుపు నామమాత్రం కాబట్టి రెండో చెయ్యి లేకపోయినా నడుస్తుంది. చెక్క పిడిని షూటర్ చేతికి తగ్గట్టు చెక్కుకుంటారు.

ప్రశ్న: హీరో ఒక కన్ను మూసి శత్రువునే తీక్షణంగా చూస్తాడు. నిజానికి చూపు ఎక్కడ ఉండాలి? (ఖమ్మం)

జవాబు: ముందు సైట్ మీద. కన్ను ఒకేసారి వెనక గాడినీ, ముందు దిమ్మనూ, దూరపు టార్గెట్‌నూ స్పష్టంగా చూడలేదు. టార్గెట్ మసకగా, ముందు సైట్ అంచులు పదునుగా కనిపించాలి. దిమ్మ పైఅంచు గాడి పైఅంచుతో సమంగా ఉండాలి, దిమ్మకు రెండు పక్కలా వెలుతురు గీతలు ఒకే వెడల్పులో ఉండాలి.

ఇంత పట్టుదల ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. ఎయిర్ పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర పెల్లెట్ 31 మిల్లీమీటర్లు తప్పుతుంది. టార్గెట్ నడిమధ్య పది పాయింట్లు ఇచ్చే పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే, అంటే పది రావాల్సిన చోట ఏడు వస్తుంది. అదే సైట్లు చెదరకుండా చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు ఊగితే పెల్లెట్ కూడా ఒక మిల్లీమీటరే తప్పుతుంది. అందుకే కోచ్‌లు చెయ్యి ఊగితే ఊగనిమ్మంటారు, సైట్లు మాత్రం చెదరనివ్వరు. సైట్ల మధ్య దూరం అందులో సగమే ఉండే మామూలు పిస్టల్‌తో ఈ తప్పు రెట్టింపు అవుతుంది.

రెండో కన్ను గట్టిగా మూస్తే ముఖ కండరాలు బిగుసుకుని త్వరగా అలసట వస్తుంది. దాని ముందు చిన్న అట్టముక్క అడ్డం పెట్టుకుని రెండూ తెరిచి ఉంచడం మేలు. కొందరికి కుడిచేతి వాటం ఉన్నా ఎడమ కన్ను బలమైనది. దూరంగా ఉన్న గడియారాన్ని చేతులతో చేసిన చిన్న సందులోంచి చూస్తూ ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో అదే మీ బలమైన కన్ను.

ప్రశ్న: తూటా తగిలినవాడు గాల్లో ఎగిరి పడటం నిజమేనా? (మచిలీపట్నం)

జవాబు: అబద్ధం, అది నటుణ్ని వెనక్కి లాగే తాడు పని. 9 ఎంఎం తూటా సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 350 మీటర్లు. ఆ ఊపు మొత్తం 70 కిలోల మనిషికి చేరినా అతను కదిలేది సెకనుకు 4 సెంటీమీటర్లు. అంత బలంగా నెట్టేదే అయితే కాల్చినవాడూ వెనక్కి ఎగరాలి కదా.

ప్రశ్న: మా అమ్మాయికి పిస్టల్ షూటింగ్ మీద ఆసక్తి. ఎలా మొదలుపెట్టాలి? (హైదరాబాద్)

జవాబు: 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో, గుర్తింపు ఉన్న రేంజ్‌లో, కోచ్ దగ్గర. మీ ఊరి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. పిస్టల్ కొనడానికి తొందర వద్దు, మొదట్లో రేంజ్ వాళ్లదే వాడనివ్వండి. మొదటి పాఠం సినిమాల్లో కనిపించనిది: సైట్లు కుదిరేదాకా చూపుడువేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. తర్వాత పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైరింగ్. ఎదురుగా టార్గెట్ కాదు, ఖాళీ తెల్ల గోడ ఉండాలి. వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో నేరుగా వెనక్కి, నెమ్మదిగా ఒత్తాలి. ట్రిగ్గర్ టక్కున పడిన క్షణంలో ముందు సైట్ ఎటు కదిలిందో తను గమనించాలి. కిందికి ఎడమవైపుకు దూకితే కుడిచేతి వాటంవాళ్లు వేలితో పాటు పిడికిలి మొత్తం బిగిస్తున్నారన్నమాట. పట్టు మార్చకుండా, ట్రిగ్గర్ ఒత్తే వేగం తగ్గించి మళ్లీ చేయమనండి.