మా అమ్మాయి మిడ్‌ఫీల్డ్ బాగా ఆడుతుందంటున్నారు, ఫుట్‌బాల్‌ని నమ్ముకోవచ్చా?

బాబాయ్ గారూ, మీరు రాసింది చదివాను. పాపకి పదమూడేళ్ళు, అమలాపురం దగ్గర స్కూల్లో మిడ్‌ఫీల్డ్ (మైదానం మధ్య స్థానం) ఆడుతోంది, పీఈటీ సారు బయటికి పంపమంటున్నారు, ఇంట్లోవాళ్ళేమో టెన్త్ దగ్గరపడుతోంది ఈ గోలెందుకంటున్నారు. నాది రాజోలు వైపు. 23 ఏళ్ళు. మూడు సీజన్లుగా డబ్బులు తీసుకుని ఆడుతున్నాను, నేనూ మిడ్‌ఫీల్డే. నాకు జరిగింది చెప్తాను, మీ ఇంటికి ఎంత సరిపోతుందో మీరే చూసుకోండి.

సెలవులకి ఇంటికొస్తే ఊళ్ళో అందరూ అడిగేది ఒకటే, "ఎన్ని గోల్స్ కొట్టావే?" మూడు సీజన్లలో రెండు. అది వినగానే ఎదుటివాళ్ళ మొహం వాడిపోతుంది. మా నాయనమ్మ "పోన్లేవే, వచ్చే ఏడు కొడతావులే" అని ఓదారుస్తుంది. నేను ఆడేది డిఫెండర్ల ముందు, ఆరో నంబరు చోట. వెనకనుంచి వచ్చిన బంతిని అందుకుని, తిరిగి, ముందున్నవాళ్ళకి అందించాలి. మ్యాచ్‌కి పది కిలోమీటర్ల దాకా పరిగెడతాం, బంతి మన కాలి దగ్గర ఉండేది మాత్రం మొత్తం కలిపినా కొద్ది నిమిషాలే. మిగతా టైమంతా చూడటమే పని.

ఆ చూడటం నాకు నేర్పింది మా పీఈటీ మాస్టారు. ఆయన అసలు వాలీబాల్ మనిషి. ఎవరో ఒక పిల్లని ఎదురుగా నిలబెట్టి నాకు బంతి వేయించేవారు, తను నా వెనక నిలబడి చేతివేళ్ళు పైకెత్తేవారు. బంతి నా కాలిని తాకేలోపు మెడ తిప్పి చూసి, ఎన్ని వేళ్ళో గట్టిగా చెప్పాలి. మొదట్లో వేళ్ళు చూస్తే బంతి జారిపోయేది, బంతి చూస్తే వేళ్ళు తప్పేవి. తప్పు చెప్తే గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు. మూడు నెలలకి కుదిరింది. ఇప్పటికీ మ్యాచ్‌లో బంతి వస్తుంటే నాకు ముందు వెనక్కి చూపు పోతుంది. మీ పాప బంతి అందుకునే ముందు తల తిప్పుతోందా లేదా, ఒకసారి గట్టున కూర్చుని చూడండి. ఎంత దూరం తన్నుతోందన్నది అంత ముఖ్యం కాదు.

ఇక అసలు సంగతి. స్ట్రైకర్ అయితే ఒక గోల్‌పోస్టు, నాలుగు బంతులు ఉంటే ఒంటరిగానైనా సాధన చేసుకోవచ్చు. మిడ్‌ఫీల్డర్‌కి మనుషులు కావాలి. నేను రెండేళ్ళు మా ఊరి రైస్‌మిల్లు గోడకేసి కొట్టాను, మిల్లు ఓనరు తిట్టేదాకా. గోడ ఎప్పుడూ ఒకేలా తిరిగిస్తుంది, మీదకి రాదు. మన వైపు కబడ్డీకి, వాలీబాల్‌కి జనం దొరుకుతారు గానీ, ఆడపిల్లల ఫుట్‌బాల్‌కి పదకొండు మందిని కూడగట్టడమే పెద్ద పని. గ్రౌండ్లూ అంతే. సార్వా (మొదటి పంట) కోతలయ్యీ అవ్వగానే చేలల్లో మళ్ళీ నీళ్ళు పెట్టి దాళ్వా (రెండో పంట) వరి ఊడుస్తారు, అది కోసేసరికి ఏప్రిల్. వానలకి కాలేజీ గ్రౌండు కూడా చెరువే. నల్లమట్టి బూట్ల అడుగున ఉండే స్టడ్స్ మధ్య గట్టిపడితే పుల్లతో గోక్కుంటూ కూర్చునేవాళ్ళం.

అందుకే పదిహేనేళ్ళకి నన్ను అనంతపురం వైపు ఒక హాస్టల్‌కి పంపారు. మన రాష్ట్రంలో ఆడపిల్లల ఫుట్‌బాల్‌కి ఆ వైపే ఊపు ఎక్కువ. మొదటి నెల రోజూ ఏడ్చాను, చేపల పులుసు లేదని కూడా ఏడ్చాను. కానీ అక్కడ వారానికి రెండు మ్యాచ్‌లు, ఎదురుగా నాకంటే పెద్ద పిల్లలు. గోడ దగ్గర రెండేళ్ళలో రానిది అక్కడ ఆర్నెల్లలో వచ్చింది. నా లెక్కలో మీరు ఆలోచించాల్సింది ఇదొక్కటే, వారం వారం మ్యాచ్‌లు దొరికే చోటికి పాపని పంపగలరా? పద్నాలుగు, పదిహేనేళ్ళు దాటితే కష్టం.

డబ్బుల సంగతి దాచను. దేశంలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కి పెద్ద పోటీ ఇండియన్ విమెన్స్ లీగ్. 2024-25లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు, ఈస్ట్ బెంగాల్ గెలిచింది. సీజన్ నాలుగు నెలల్లో అయిపోతుంది. కాంట్రాక్టు కూడా చాలావరకు ఆ సీజన్‌కే. నా మొదటి క్లబ్బు ఆఖరి రెండు నెలల జీతం సీజన్ అయిపోయిన ఐదు నెలలకి ఇచ్చింది, అదీ మా నాన్న రోజూ ఫోన్ చేస్తే. అందుకే డిగ్రీ వదలొద్దు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి ఆటతో పాటు చదువూ చూస్తారు. 2025 జులై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మాయ్‌లో మన ఇండియా అమ్మాయిలు థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి ఫుట్‌బాల్ ఆసియా కప్‌కి అర్హత సాధించారు కదా, ఆ రెండు గోల్సూ కొట్టిన సంగీతా బస్‌ఫోర్ మిడ్‌ఫీల్డరే, సశస్త్ర సీమా బల్ అనే సరిహద్దు బలగం జట్టుకి కూడా ఆడింది. ఆ రాత్రి మా మాస్టారు నాకు ఫోన్ చేసి "చూశావా, మిడ్‌ఫీల్డు!" అని ఒక్క మాట అని ఫోన్ పెట్టేశారు.

మనవాళ్ళు విదేశాలకీ వెళ్తున్నారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి వెళ్ళింది. అలాంటివాళ్ళు తక్కువే, కానీ తెలుగు పిల్లే కదా అని మా హాస్టల్లో ఆమె ఫొటో ప్రింట్ తీసి అంటించుకున్నాం.

మోకాలు జాగ్రత్త. అబ్బాయిలకంటే అమ్మాయిలకి మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ (ఏసీఎల్) తెగడం ఎక్కువ. నాది పంతొమ్మిదో ఏట తెగింది, ఎవరూ తగల్లేదు, ఊరికే తిరగబోతే. తొమ్మిది నెలలు పోయాయి. ఆటకి ముందు ఇరవై నిమిషాలు చేసే ఫిఫా 11+ వార్మప్ అని ఒకటుంది, దాని వీడియోలు ఉచితమే, ఇవాళే మొదలుపెట్టించండి. రక్తపరీక్ష కూడా చేయించండి. నాకు రెండో సగంలో కాళ్ళు పడిపోతుంటే బద్ధకం అనుకున్నారు. తీరా చూస్తే హిమోగ్లోబిన్ 9, అంటే రక్తం తక్కువ.

పేపర్లు ఇప్పుడే సరిచూసుకోండి. నా ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, బర్త్ సర్టిఫికెట్‌లో అసలు లేదు. ఫుట్‌బాల్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్ దగ్గర అది ఇరుక్కుని, ఒక అండర్-17 టోర్నీ పోయింది. మీసేవ చుట్టూ తిరిగింది మా అమ్మ.

ఏప్రిల్ ఆఖరికి ఇంటికొస్తున్నాను. దాళ్వా కోసేశాక మా చేలో రోజూ సాయంత్రం ఐదింటికి ఆడతాం, మగపిల్లలు కూడా ఉంటారు. పాపని తీసుకురండి. బంతి నా దగ్గరుంది, బూట్లు తెచ్చుకోమనండి.