మూడు మైళ్ల డ్యూటీకి డీజిల్ కారెందుకు

పోయిన దసరాకి ఒడిశాలోని మా బరంపురం వెళ్లినప్పుడు మా వీధి చివరింటాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయి నర్సు. ఇంగ్లాండులో లెస్టర్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, నెలలో ప్రయాణం. అప్పడాల కట్ట నా చేతిలో పెట్టి ఆయన అడిగింది వీసా గురించీ కాదు, చలి గురించీ కాదు. "అక్కడ కారు లేకపోతే కుదరదంట కదా బాబూ. డీజిల్‌ది తీసుకోమని మీరైనా చెప్పండి, మైలేజీ వస్తాది." ఆ వెంటనే రెండో మాట. అమ్మాయి పంపే డబ్బులతో ఇక్కడ తమకూ ఒక చిన్న కారు కొనాలట, అదైనా డీజిల్‌దే ఉండాలట.

నేను ఇంగ్లాండు వెళ్లి పదహారేళ్లు. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి, జయపురం నుంచి వచ్చే మన పిల్లలు ఏడాదికి నలుగురైదుగురు ఇదే ప్రశ్నతో ఫోన్ చేస్తారు. ఆ సాయంత్రం వరండాలో ఆ తండ్రీకూతుళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ డీజిల్ నమ్మకం సంగతి. మా నాన్నదీ అదే నమ్మకం. పర్లాకిమిడి, బరంపురం మధ్య డీజిల్ జీపు తిప్పిన మనిషి. "డీజిల్ ఇంజిన్‌కి చావు లేదురా" అనేవారు. ఆయన కాలానికి అది నిజమే. అప్పట్లో డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది. పెట్రోలు ధరను 2010లో వదిలేశారు, డీజిల్‌ని 2014 అక్టోబరు దాకా పట్టుకునే ఉన్నారు. ఆ మధ్యలో లీటరుకు ఇరవై, ముప్పై రూపాయల తేడా ఉన్న రోజులు కూడా ఉన్నాయి. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే జీపుకి డీజిల్ కాక ఇంకేం కొంటారు? ఇంగ్లాండులో ఆ లెక్క లేదు. రెండింటి మీదా లీటరుకు ఒకటే సుంకం, బంకులో చూస్తే మామూలుగా డీజిలే ఎక్కువ ధర.

ఇది తెలియక నేను ఆవకాయ జాడీతో పాటు నాన్న నమ్మకాన్ని కూడా సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లాను. మొదటి కారు ఐదేళ్లు వాడిన డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఇంటి నుంచి ఆఫీసు మూడు మైళ్లు, అంటే ఐదు కిలోమీటర్లు లేదు. మొదటి చలికాలం గడవకముందే డ్యాష్‌బోర్డు మీద నారింజ రంగు లైటు వెలిగింది. వారం రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఎనిమిదో రోజు పికప్ పోయింది, ఎంత తొక్కినా నలభై దాటదు.

గ్యారేజీలో ముసలి మెకానిక్ బోనెట్ కూడా ఎత్తలేదు. "రోజూ ఎంత దూరం నడుపుతావు?" అన్నాడు. చెప్పాను. నవ్వాడు. ఇప్పటి డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది తనే కాల్చేసుకోవాలి. అందుకు గొట్టం బాగా వేడెక్కాలి, అలా వేడెక్కాలంటే కారు హైవే మీద పది, ఇరవై నిమిషాలు ఏకబిగిన పరుగెత్తాలి. మూడు మైళ్లు పోయి ఆపేసే కారులో ఇంజినే సరిగ్గా వేడెక్కదు. మసి పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. దాన్ని శుభ్రం చేయించి, సెన్సరు మార్పించేసరికి 600 పౌండ్లు వదిలాయి. ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి ఆదివారం ఏ పనీ లేకుండా ఎం1 మోటర్‌వే ఎక్కి, రెండు జంక్షన్లు పోయి, వెనక్కి తిరిగి వచ్చేవాణ్ని. డీజిల్ ఆదా చేద్దామని కొన్న కారు కోసం వారం వారం డీజిల్ తగలబెట్టడం! మా ఆవిడ ఇప్పటికీ దాన్ని "నీ ఆదివారం పూజ" అంటుంది.

కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లను నేను నెలకు ఎంత తిరుగుతారని అడగను. ఒక్కో ట్రిప్పు ఎంత దూరం అని అడుగుతాను. నెలకు వెయ్యి మైళ్లు తిరిగినా, అవి మూడేసి మైళ్ల ముక్కలైతే డీజిల్ వద్దు. రోజూ ముప్పై, నలభై మైళ్లు మోటర్‌వే మీద వెళ్లే ఉద్యోగమైతే సంగతి వేరు, డీజిల్ ఇప్పటికీ హాయిగా నడుస్తుంది.

నర్సు పిల్లల సంగతి చూడండి. ఆసుపత్రికి దగ్గర్లోనే గది తీసుకుంటారు. పన్నెండు గంటల డ్యూటీ, తెల్లారకముందే బయల్దేరాలి, ఆదివారాలు ఆ వేళకి బస్సులు సరిగ్గా ఉండవు. కారు కావాల్సింది ఆ నాలుగు మైళ్లకే. దానికి ఒక లీటరో, 1.2 లీటర్లో ఇంజిన్ ఉన్న పెట్రోలు కారు చాలు. పైగా అక్కడ మొదటి ఏడాది మిమ్మల్ని ఏడిపించేది ఇంధనం కాదు, ఇన్సూరెన్సు. కార్లకి 1 నుంచి 50 దాకా ఇన్సూరెన్సు గ్రూపులు ఉంటాయి. ప్రీమియం తక్కువుండే కింది గ్రూపుల్లో ఉండేవి ఎక్కువగా ఈ చిన్న పెట్రోలు కార్లే. మన ఇండియా లైసెన్సుతో అక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు, ఈలోగా అక్కడి పరీక్షలు పాసవ్వాలి. ఆ 12 నెలల్లో వచ్చే ప్రీమియం చూస్తే కొన్నిసార్లు కారు ధరలో సగం ఉంటుంది. కారు నచ్చగానే అడ్వాన్సు ఇవ్వకండి. ముందు దాని నంబరుతో ఇన్సూరెన్సు ఎంతవుతుందో చూడండి. అదే నంబరు కొడితే ప్రభుత్వ సైటులో పాత ఎంఓటీ పరీక్షల (అంటే కారు రోడ్డుకి పనికొస్తుందా అని ఏటా చేసే తనిఖీల) చరిత్ర అంతా ఉచితంగా కనిపిస్తుంది. ఏ ఏడాది ఎందుకు ఫెయిలైందో, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగిందో అన్నీ ఉంటాయి. అమ్మేవాడి తియ్యటి మాటల కంటే ఆ పేజీ నమ్మకం.

మైలేజీ దగ్గర ఒక చిన్న తికమక ఉంది. అక్కడ ఇంధనం అమ్మేది లీటర్లలో, మైలేజీ చెప్పేది గ్యాలనుకి మైళ్లలో. వాళ్ల గ్యాలను 4.546 లీటర్లు. 45 అంటే మన లెక్కలో లీటరుకు 16 కిలోమీటర్లన్నమాట.

పాత డీజిల్ చవగ్గా దొరుకుతోంది కదా అని మనసు లాగుతుంది. దొరకడానికి కారణం ఉంది. లండన్‌లో పాత డీజిల్ కారు తిప్పితే రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి, 2023 ఆగస్టు నుంచి నగరం మొత్తానికీ అదే రూలు. ఆ డబ్బు తప్పాలంటే డీజిలైతే యూరో 6 అనే పొగ ప్రమాణానికి సరిపోవాలి, అంటే సుమారుగా 2015 సెప్టెంబరు తర్వాతది. పెట్రోలైతే యూరో 4 చాలు, 2006 నాటి కారు కూడా దాదాపు గట్టెక్కుతుంది. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున రోజుకు 8 పౌండ్లు. లెస్టర్ వాళ్లు దర్శనానికి వెళ్లే బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్ బాలాజీ గుడి ఆ డబ్బులు కట్టే హద్దుకు బయటే ఉంది, స్వామి దయ. గుడి నుంచి షాపింగ్‌కని ఊళ్లోకి వెళ్లినప్పుడే అసలు చిక్కు.

హైబ్రిడ్ గురించి ఎక్కువ చెప్పను. పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండి, దానంతట అదే చార్జ్ అయ్యే పూర్తి హైబ్రిడ్ ఊళ్లో తిరగడానికి మంచి బండి, పాతబడినా ధర దిగదు, అదే ఇబ్బంది. రాత్రిపూట వాటి కింద దూరి పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ కోసుకుపోయే దొంగలున్నారు, వీధిలో పార్క్ చేసేవాళ్లు అది కూడా ఆలోచించుకోవాలి. "మైల్డ్ హైబ్రిడ్" అని రాసి ఉంటే మామూలు పెట్రోలు కారే అనుకోండి, ఆ మాటకు అదనంగా డబ్బులివ్వొద్దు.

ఎలక్ట్రిక్ మీద అందరికీ మోజే. నాదొక్కటే ప్రశ్న: కారు పెట్టుకునే చోటు మీ ఇంటి ముందు, మీ చేతిలో ఉందా? ఉంటే, రాత్రి చవక రేటుకి చార్జ్ చేసుకుంటే దానికి సాటి లేదు. వరస ఇళ్లలో నలుగురు కలిసి అద్దెకుంటూ వీధిలో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఆపే బతుకైతే బయట చార్జింగే దిక్కు. ఇంటి కరెంటు మీద వ్యాట్ 5 శాతం, బయటి చార్జింగ్ మీద 20 శాతం. అసలు రేటు కూడా ఎక్కువే కాబట్టి పెట్రోలు మీద మిగిలేదేమీ ఉండదు. చాలా ఆసుపత్రుల్లో జీతంలోంచి నెలనెలా కోసుకుని ఎలక్ట్రిక్ కారు లీజుకిచ్చే పథకం ఉంది. పన్ను కలిసొస్తుంది, మంచిదే. కానీ మధ్యలో ఉద్యోగం మారితే ఏం కట్టాలో ఆ కాగితంలో చదవండి. వచ్చిన ఏడాదే మూడేళ్ల లీజు నెత్తిన పెట్టుకోవద్దని నా మాట. సీఎన్జీ అడుగుతారేమో, అక్కడ కార్లకు అది లేనట్టే.

ఇక నేను చేసిన ఇంకో ఘనకార్యం. బరంపురంలో బంకుకి వెళ్తే కుర్రాడే వచ్చి "జీరో దేఖంతు" అంటాడు, మనం మీటరు చూసి తల ఊపితే చాలు. అక్కడ ఎవరూ రారు. దిగి, మూత తీసి, మనమే పట్టుకోవాలి. పెట్రోలు గన్ ఆకుపచ్చ, డీజిల్ గన్ నలుపు. నా డీజిల్ కారుకి మూడో నెలలో, వానలో, ఫోన్ మాట్లాడి వచ్చిన పరధ్యానంలో ఆకుపచ్చది తీసుకుని 20 లీటర్లు కొట్టాను. కౌంటరు దగ్గర డబ్బులు కడుతుంటే అక్కడి అమ్మాయి "అన్‌లెడెడ్, నాలుగో నంబరు" అంది. అన్‌లెడెడ్ అంటే అక్కడ పెట్రోలు. గుండె ఝల్లుమంది.

డీజిల్ గన్ లావుగా ఉంటుంది, పెట్రోలు కారు గొంతులో సాధారణంగా దూరదు. పెట్రోలు గన్ మాత్రం డీజిల్ కారులోకి సుఖంగా దిగిపోతుంది. ఎక్కువగా నాలాంటి డీజిల్ వాళ్లే దొరికిపోయేది అందుకే. డీజిల్ ఇంజిన్ పంపుకి ఆ డీజిలే నూనె. పెట్రోలు వెళ్తే ఆ జిడ్డు కడిగేసి పంపుని అరగదీస్తుంది. నా అదృష్టం, ఇంకా తాళం తిప్పలేదు. బండిని తోసి పక్కకు పెట్టి, మనిషిని పిలిపించి ట్యాంకు తోడించాను. 180 పౌండ్లతో పోయింది. స్టార్ట్ చేసి ఉంటే ఆ కారు అక్కడితో సరి. మీకెప్పుడైనా అలా జరిగితే తాళం జోలికే పోకండి. అమెరికా వెళ్లేవాళ్లకు ఇంకో మాట, అక్కడ చాలా బంకుల్లో ఆకుపచ్చగా ఉండేది డీజిల్. రంగు చూడకండి, గన్ మీద రాసింది చదవండి.

ఇంతా విని పెద్దాయన, "అక్కడి సంగతి సరే, మరి ఇక్కడ?" అన్నారు.

ఇక్కడ కూడా అదే లెక్క. వాళ్ల బండి బజారుకి, గుడికి, నెలకోసారి విశాఖలో డాక్టరు దగ్గరికి, ఎప్పుడైనా పలాసలో పెళ్లికి. మిగతా రోజులు గేటు లోపలే. అయినా చిన్న డీజిల్ కొందామన్నా షోరూముల్లో దొరకడం కష్టం. 2020 ఏప్రిల్‌లో పొగ మీద బీఎస్6 అనే కొత్త నిబంధన వచ్చినప్పుడు మారుతీ డీజిల్ కార్లు చేయడమే మానేసింది, మిగతావాళ్లూ చిన్న కార్లలో ఒక్కొక్కరే తప్పుకున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. పెట్రోలు రేటు కూడా ఆంధ్రాలో కంటే మన వైపు తక్కువ. సరిహద్దులో గిరిసోల దగ్గర ఏపీ బండ్లు వచ్చి ట్యాంకు నింపుకోవడం మనం చూస్తున్నదే.

ఎలక్ట్రిక్ గురించి ఆయనే అడిగారు, పక్కింటివాళ్లు కొన్నారట. సొంత ఇల్లు, లోపల షెడ్డు, 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంటే రాత్రి పెట్టి పొద్దున్న తీసుకోవచ్చు, గోపాల్‌పూర్ వెళ్లి రావడానికి అంతకంటే చవక లేదు. నా భయం వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత పర్లాకిమిడిలో మా అప్ప వాళ్లింట్లో వారం పైన కరెంటు లేదు. ముసలివాళ్లిద్దరే ఉండే ఇంట్లో ఉన్న ఒక్క కారూ ఎలక్ట్రిక్‌ది అయితే, అలాంటి రోజున విశాఖ వెళ్లాల్సి వస్తే? బరంపురం నుంచి అది 260 కిలోమీటర్ల దారి. రెండో కారుగా అయితే కొనండి అన్నాను. సీఎన్జీ అయితే ముందు మీ ఊరి బంకు దగ్గర ఒక సాయంత్రం నిలబడి వరస చూడండి. డిక్కీలో సిలిండరు పోగా బియ్యం బస్తాకి చోటుంటుందో లేదో చూసుకోండి. మూడేళ్లకోసారి సిలిండరుకి పరీక్ష చేయించాలి, అది ఎవరు గుర్తుంచుకుంటారో కూడా అనుకోండి.

పెట్రోలు కొంటే ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అందులో 20 శాతం ఎథనాల్. అది గాలిలో తేమను పీలుస్తుంది. మన సముద్రపు గాలిలో సగం ట్యాంకుతో కారు నెలల తరబడి ఊరికే నిలబెట్టడం మంచిది కాదు. వారానికోసారి ఇరవై నిమిషాలు తిప్పాలి, ఎక్కువ రోజులు వదిలేయాల్సి వస్తే ట్యాంకు నింపి వదలాలి. పాత కారు కొంటే అది ఈ20కి తగినదో కాదో పుస్తకంలో చూడాలి, 2023 ఏప్రిల్ తర్వాత తయారైన వాటికి ఆ బెంగ లేదు. ఎలుకల బెడద సరేసరి. పోయినేడు మా కారు వైర్లు కొరికేశాయి. ఇప్పుడు బోనెట్ లోపల పొగాకు కాడలు కడుతున్నాం. పనిచేస్తుందో లేదో గానీ కారు ఎక్కితే చుట్ట కాల్చినట్టుంటుంది.

అమ్మాయి లెస్టర్ చేరి చిన్న పెట్రోలు కారే కొంది. పెద్దాయన మాత్రం డీజిల్ ఆశ వదల్లేదు. ఇచ్ఛాపురంలో ఎవరిదో 2018 మోడల్ డీజిల్ ఉందని పోయిన వారం ఫోన్ చేశారు. బీఎస్6కి ముందటి బీఎస్4 బండి కాబట్టి దానికి ఈ ఫిల్టరు గొడవ ఉండదు, ఆ మాట నిజమే, ఒప్పుకున్నాను. కానీ అది ఏపీ నంబరు. ఎన్‌ఓసీ తెప్పించి ఒడిశాలో మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడి రోడ్డు పన్ను కట్టాలి. ఆ ఖర్చు కూడా కలిపి ఎంతకు తేలుతుందో లెక్క వేసి చెప్పమన్నాను.