పేరు లిస్టులో ఉంటే సరిపోదు: నెట్‌వర్క్ ఆసుపత్రి గురించి పిన్ని ఉత్తరం

అమ్మలూ,

నువ్వు పంపిన ఆసుపత్రుల లిస్టు రాత్రే చూశాను. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని కూర్చుని రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదువు. అక్కకి గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయని, నెలలోపు ఆపరేషన్ చేయించమన్నారని విన్నప్పటి నుంచి నాకూ మనసు కుదురుగా లేదు. కాకపోతే ఇది ముందుగా తెలిసిన ఆపరేషన్, చేతిలో టైముంది, అది చాలా పెద్ద మేలు.

"ఇన్సూరెన్స్ కంపెనీ యాప్‌లో ఆసుపత్రి పేరుంది కదా పిన్నీ, చేర్పించెయ్యొచ్చా?" అని అడిగావు. ఇంకా వద్దు. ముందు రెండు ఫోన్లు చెయ్యాలి, ఒకటి ఇన్సూరెన్స్ కంపెనీకి, ఇంకొకటి ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కి. ఇద్దరూ ఒకే మాట చెప్పినప్పుడే ఆసుపత్రి దొరికినట్టు లెక్క.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను. 22 ఏళ్లు ఆసుపత్రిలో ఆ డెస్క్ వెనకే కూర్చున్నాను కదా, ఎవరో ఒకరు వచ్చి ఫోన్ కౌంటర్ అద్దానికి ఆనించి, స్క్రీన్ మీద మా ఆసుపత్రి పేరు కింద వేలు పెట్టి, "ఇదిగోండి మేడం, మీ పేరే కదా ఇది" అనడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పేరు మాదే. కానీ ఆయన తీసుకున్న ప్లాన్‌కీ మా ఆసుపత్రికీ ఒప్పందం లేదు. అప్పటికే వాళ్లమ్మని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లిపోయి ఉంటారు. నేను చెప్పేది వింటూ కూడా ఆ వేలు స్క్రీన్ మీద నుంచి తియ్యరు, తీస్తే ఆ పేరు పోతుందేమో అన్నట్టు. ఆ మనిషి మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు. అది నీకు రాకూడదు.

లిస్టు పెట్టేవాళ్లు మోసం చేస్తారని కాదు. నెట్‌వర్క్ అంటే ఆసుపత్రికీ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం, అంతే. ఏ వైద్యానికి ఎంత తీసుకోవాలి, బిల్లు ఎవరికి పంపాలి, ఎన్నాళ్లలో డబ్బు కట్టాలి అని ముందే రాసుకుంటారు. దానికో గడువుంటుంది. రేట్ల దగ్గర పేచీ వస్తే మధ్యలోనే ఆగిపోవచ్చు కూడా, ఆ సంగతి యాప్‌లోకి ఎక్కడానికి ఆలస్యం అవుతుంది. పైగా ఒక కంపెనీకి ఒకటే నెట్‌వర్క్ ఉంటుందనుకోకు. ప్రీమియం తక్కువున్న ప్లాన్‌కి చిన్న నెట్‌వర్క్, ఎక్కువున్న దానికి పెద్దది, ఆఫీసు వాళ్లిచ్చే గ్రూపు పాలసీకి ఇంకొకటి, ఇలా ఉండొచ్చు. అందుకని వెతకడం మొదలుపెట్టే ముందే అక్క పాలసీ కాగితం తీసి ప్లాన్ పేరు అక్షరం అక్షరం చూసి రాసుకో. కార్డు మీద టీపీఏ పేరు ఉందేమో కూడా చూడు. టీపీఏ అంటే కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ, అది ఉంటే ఆసుపత్రి వాళ్లు కంపెనీ పేరు కన్నా ముందు దాని పేరే అడుగుతారు. యాప్‌లో వెతికేటప్పుడు ప్లాన్ పేరు పెట్టి, మీ పిన్ కోడ్‌తో పాటు చుట్టుపక్కల రెండు మూడు పిన్ కోడ్‌లు కూడా కొట్టి చూడు. ఆసుపత్రుల పేర్ల స్పెల్లింగులు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఒకసారి దొరక్కపోతే లేదని వదిలెయ్యకు.

ఇప్పుడు ఫోన్ సంగతి. అందరూ అడిగే ప్రశ్న "మీరు ఫలానా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?" అని. ఈ ప్రశ్న అడగొద్దు. తీసుకుంటాం అనే అంటారు, అది అబద్ధం కూడా కాదు, ఎందుకంటే నువ్వు డబ్బు కట్టి తర్వాత కంపెనీ దగ్గర తెచ్చుకోవడానికి కావలసిన కాగితాలు ఏ ఆసుపత్రి అయినా ఇస్తుంది. నువ్వు అడగాల్సింది ఇలా: "ఫలానా కంపెనీ, ఫలానా ప్లాన్‌కి, ఈ బ్రాంచిలో, గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కి, మీరు నెట్‌వర్క్‌లో ఉన్నారా, క్యాష్‌లెస్ అవుతుందా?" క్యాష్‌లెస్ అంటే బిల్లు మనం కట్టకుండా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం. ప్రశ్న పొడుగ్గా ఉందని మొహమాటపడకు. అందులో ఒక్కో ముక్క ఎవరో ఒకరు డబ్బు పోగొట్టుకుంటే తెలిసిందే.

బ్రాంచి అన్న ముక్క అయితే మన ఇంట్లోనే తెలిసింది. నేను ఉద్యోగంలో చేరని రోజులు, మీ బాబాయికి హెర్నియా ఆపరేషన్. ఆసుపత్రికి ఫోన్ చేసి నెట్‌వర్క్‌లో ఉన్నారా అని అడిగాను, ఉన్నాం అన్నారు. ఆ ఆసుపత్రికి రోడ్డుకి అటొక బిల్డింగు, ఇటొక బిల్డింగు. పాతది నెట్‌వర్క్‌లో ఉంది, కొత్తగా కట్టిన దానికి రిజిస్ట్రేషన్ వేరు, దానికి ఒప్పందం ఇంకా కాలేదు. మమ్మల్ని చేర్చుకుంది కొత్త దాంట్లో. బోర్డు మీద పేరు ఒకటే, రంగు కూడా ఒకటే, నాకేం తెలుస్తుంది? డిశ్చార్జి రోజు మధ్యాహ్నం చెప్పారు, క్యాష్‌లెస్ రాదు, మొత్తం కట్టాలని. మీ బాబాయ్ లిఫ్టు పక్కన వీల్‌చైర్‌లో, ఒళ్లో డిశ్చార్జి కాగితాలు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు, నేను డబ్బు సర్దుకుని వచ్చేదాకా. తర్వాత క్లెయిము పెట్టాం, 4 నెలలకి కోతలు పోను కొంత వచ్చింది. ఆ తర్వాతే నేను ఈ ఉద్యోగంలో చేరాను, అందుకే నా డెస్క్ దగ్గరికి ఎవరొచ్చినా ముందు అడ్రసే చదివించేదాన్ని. నువ్వూ యాప్‌లో ఉన్న అడ్రసు, ఆసుపత్రి వాళ్లు చెప్పే అడ్రసు పక్కపక్కన పెట్టి చూడు.

డాక్టరు గురించి కూడా విడిగా అడగాలి. కొందరు డాక్టర్లు ఆసుపత్రి ఉద్యోగులు కారు, బయటి నుంచి వచ్చి ఆపరేషన్ చేసి వెళతారు. అక్క చూపించుకుంటున్న సర్జన్ అలాంటివారైతే, ఆయన ఫీజు కంపెనీ ఒప్పుకున్న ప్యాకేజీలో ఉంటుందా, విడిగా మనల్ని అడుగుతారా అన్నది డెస్క్ వాళ్లనే అడుగు. మత్తు డాక్టరు సంగతీ అంతే. సర్జన్ పేరు అందరూ కనుక్కుంటారు, మత్తు డాక్టరు ఎవరో ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా వెళ్లేవరకూ ఎవరూ అడగరు.

కంపెనీకి ఫోన్ చేసినప్పుడు ఇంకో ముఖ్యమైన ప్రశ్న ఉంది, ఇది మర్చిపోతే మిగతాదంతా వృథా. గాల్ బ్లాడర్ రాళ్లు చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ ఉన్న జబ్బుల జాబితాలో ఉంటాయి, సాధారణంగా మొదటి 2 ఏళ్లు దాటితేనే ఖర్చు ఇస్తారు. అక్క పాలసీ తీసుకుని ఎన్నాళ్లయిందో చూడు. ఆ గడువు దాటకపోతే ఎంత మంచి నెట్‌వర్క్ ఆసుపత్రి అయినా క్లెయిము రాదు. అలాగే రూము అద్దెకి పరిమితి ఉందా అని అడుగు. పరిమితి దాటిన రూము తీసుకుంటే ఆ తేడా ఒక్కటే కట్టుకుంటే పోతుందని అనుకుంటారు, కానీ చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఛార్జీలు కూడా అదే లెక్కన కోసేస్తారు. "మంచి రూము ఇవ్వండి, ఇన్సూరెన్స్ ఉంది కదా" అని ఎవరైనా అంటే అక్కడే ఆపు.

ఇంకొకటి. కంపెనీల వెబ్‌సైట్లలో నెట్‌వర్క్ లిస్టుతో పాటు, అసలు క్లెయిములే ఒప్పుకోని ఆసుపత్రుల లిస్టు ఒకటి ఉంటుంది. నెట్‌వర్క్‌లో లేకపోవడం వేరు, ఇది వేరు. నెట్‌వర్క్‌లో లేని చోట నువ్వు కట్టి తర్వాత తెచ్చుకోవచ్చు. ఈ రెండో లిస్టులో ఉన్న చోట చేయిస్తే అదీ రాదు, ప్రాణాపాయం, యాక్సిడెంట్ లాంటి వాటిలో మనిషి నిలకడకి వచ్చేదాకా అయిన ఖర్చు మాత్రం ఇస్తారు. నువ్వు పంపిన పేర్లన్నీ దాంట్లో ఒకసారి వెతుకు, ఐదు నిమిషాల పని.

అక్కకి బాగా నమ్మకం ఉన్న ఆ పాత సర్జన్ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేదన్నావు కదా. దాన్ని వెంటనే కొట్టెయ్యకు. 2024 జనవరిలో ఇన్సూరెన్స్ కంపెనీల ఉమ్మడి సంస్థ జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ 'క్యాష్‌లెస్ ఎవ్రీవేర్' అని ఒకటి మొదలుపెట్టింది, దాని కింద నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో కూడా క్యాష్‌లెస్ అడగొచ్చు. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే చేరడానికి 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి, ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోపు. కంపెనీ ఒప్పుకోవాలి, ఆసుపత్రీ ఒప్పుకోవాలి, ఆసుపత్రి వాళ్లు కుదరదంటే మనం బలవంతం చెయ్యలేం. అయినా అడగడం మన హక్కు. నా ఉద్దేశం అడిగితే మాత్రం, అక్క ఆ డాక్టరు చేతిలో ధైర్యంగా ఉంటుంది అనుకుంటే ముందు అక్కడ ప్రయత్నించి, కుదరకపోతేనే లిస్టులో వాటికి రా. నెట్‌వర్క్‌లో ఉందన్న ఒక్క కారణంతో ఆ ఆపరేషన్లు అరుదుగా చేసే చోట చేర్పించడం నాకు అస్సలు ఇష్టం లేదు. నెలకి ఇలాంటివి ఎన్ని చేస్తారు, రాత్రిపూట ఐసీయూలో డాక్టరు ఉంటారా అని కూడా అడుగు.

ఆసుపత్రి ఖాయం అయ్యాక, చేరడానికి మూడు నాలుగు రోజుల ముందే డెస్క్‌లో ప్రీ ఆథరైజేషన్ ఫారం, అంటే క్యాష్‌లెస్‌కి కంపెనీ అనుమతి ముందుగా అడిగే ఫారం, నింపించు. స్కానింగ్ రిపోర్టు, డాక్టరు రాసిచ్చిన చీటీ, పాలసీ కార్డు, ఐడీ ప్రూఫ్, అన్నీ ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లు. ఫారంలో "ఈ బాధ ఎప్పటి నుంచి" అన్న గడి ఉంటుంది, డాక్టరు నింపుతారు, దాన్ని నువ్వు తప్పకుండా చదువు. రెండు నెలల నుంచి నొప్పి అయితే అక్కడ పొరపాటున రెండేళ్లు అని పడిందనుకో, ఆ ఒక్క మాట పట్టుకుని, పాలసీకి ముందు నుంచే ఉన్న జబ్బేమో అని కంపెనీ ఆపేస్తుంది, మళ్లీ డాక్టరు దగ్గర ఉత్తరం రాయించి పంపేదాకా కదలదు. నేను చేసిన పనిలో సగం ఇలాంటి గడులు సరిచేయించడమే. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జి బిల్లు వెళ్లాక 3 గంటల్లోపు తుది అప్రూవల్ ఇవ్వాలి. డిశ్చార్జి రోజు ఆలస్యం చేస్తుంటే ఈ రూలు పేరు చెప్పి మర్యాదగానే గట్టిగా అడుగు. మొదట వచ్చే అప్రూవల్ మొత్తం బిల్లుకి సరిపడా ఉండదు, అది చూసి టెన్షన్ పడొద్దు, తర్వాత పెంచుతూ ఇస్తారు.

ఇదంతా ముందే తెలిసిన వైద్యానికి. రాత్రి రెండింటికి గుండె నొప్పి వస్తే నెట్‌వర్క్ వెతుక్కుంటూ కూర్చోకూడదు, దగ్గర్లో ఏదుంటే దానికి వెళ్లాలి. అందుకే ఈ పనిలో పనిగా, ఇంటికి దగ్గరగా ఎమర్జెన్సీ ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రులు రెండు ఖాయం చేసుకుని, పేరు, ఏ బిల్డింగు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించు. యాప్ నీ ఫోన్లో ఉంటుంది, నువ్వు ఊళ్లో లేనప్పుడు బావగారికి కావలసింది ఆ కాగితమే.

అన్నయ్యకి కూడా ఇది పంపు, వాడిది అమెరికా కాబట్టి అక్కడి పద్ధతి కొంచెం వేరు. హెచ్‌ఎంఓ రకం ప్లాన్ అయితే ఎమర్జెన్సీ తప్ప నెట్‌వర్క్ బయట సాధారణంగా ఏమీ ఇవ్వరు, పీపీఓ అయితే ఇస్తారు కానీ మన వాటా పెరుగుతుంది. 2022 జనవరి నుంచి అక్కడ నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అమల్లో ఉంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరినప్పుడు నెట్‌వర్క్‌లో లేని మత్తు డాక్టరో రేడియాలజిస్టో చూసినా వాళ్ల ఫీజులో తేడా రోగి మీద వెయ్యకూడదు. రోడ్డు మీద వచ్చే అంబులెన్సు మాత్రం దాని కిందికి రాదు. కంపెనీ వాళ్లు డాక్టర్ల లిస్టుని కనీసం 90 రోజులకోసారి సరిచూడాలి, లిస్టులో తప్పు పేరుని నమ్మి వెళితే నెట్‌వర్క్‌లో ఉంటే పడే వాటా మాత్రమే కట్టించుకోవాలి. కాబట్టి వెళ్లే ముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా తీసి పెట్టుకోమను. క్లినిక్‌కి వెళ్లినప్పుడు రక్తం ఏ ల్యాబ్‌కి పంపుతారో కూడా అడగమను, క్లినిక్ నెట్‌వర్క్‌లో ఉండి ల్యాబ్ లేకపోతే దాని బిల్లు విడిగా ఇంటికొస్తుంది.

చివరికి ఒక నోటుబుక్కు. ఎవరితో మాట్లాడావో వాళ్ల పేరు, తేదీ, టైము, కంపెనీ వాళ్లిచ్చిన రిఫరెన్స్ నంబరు రాసుకో, ఫోన్ పెట్టేసేముందు "ఇదే మాట ఈమెయిల్‌లో పంపండి" అని అడుగు. చేరే ముందు రోజు ఇద్దరికీ మళ్లీ ఒకసారి ఫోన్ చెయ్యి, ఉన్న ఒప్పందం ఆ మధ్యలో ఆగిపోలేదని తెలిస్తే చాలు.

సోమవారం పొద్దున పదకొండు లోపు డెస్క్‌లో రద్దీగా ఉంటుంది, డిశ్చార్జిల హడావిడి. మధ్యాహ్నం మూడింటి తర్వాత చెయ్యి, తీరిగ్గా చెబుతారు. ముందు ఆ పాత సర్జన్ ఆసుపత్రికే చెయ్యి. వాళ్లు ఏమన్నారో సాయంత్రం నాకు చెబితే, ప్రీ ఆథరైజేషన్ ఫారం నింపే రోజు నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

మీ పిన్ని