సాకర్ కోచ్ అయిన మా అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. మీవాడి అండర్-7 టీముకి కోచ్ దొరక్క నేను చేస్తానని నువ్వే ముందుకొచ్చావనీ, ఇప్పుడు పెద్దమ్మాయి అండర్-12 టీముకి కూడా సాయం చెయ్యమంటున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. న్యూజెర్సీలో ఏళ్ల తరబడి పిల్లల్ని ఆడిస్తున్నవాణ్ణి కాబట్టి నువ్వు అడక్కపోయినా చెప్తాను. ఆ రెండు టీములకూ ఒకే ప్రాక్టీసు పనికిరాదు. టీవీలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ చూసి, దాన్నే కాస్త కుదించి ఆరేళ్లవాళ్ల మీద రుద్దే నాన్నల్ని ప్రతి సీజన్‌లోనూ చూస్తున్నాను.

ముందు చిన్నవాళ్ల సంగతి. వాళ్ల మ్యాచ్ అంటే అటు నలుగురు, ఇటు నలుగురు. గోల్‌కీపర్ ఉండడు, బంతి సైజు 3. అమెరికా సాకర్ సమాఖ్య 2017లో ఈ చిన్న జట్ల పద్ధతిని తప్పనిసరి చేసింది. మైదానంలో మనుషులు తగ్గితే ఒక్కొక్కరి కాలికి బంతి ఎక్కువసార్లు తగులుతుంది, అదీ అందులో కిటుకు. నీ ప్రాక్టీసు కూడా అలాగే ఉండాలి, తలా ఒక బంతి. లైనులో నిలబెట్టి ఒక్కొక్కరిచేత షాట్ కొట్టించే డ్రిల్ పెట్టావో, నీ పని అయిపోయినట్టే. ముందున్నవాడు కొడుతుంటే వెనకవాడు గడ్డి పీకుతాడు, వాడి వెనకవాడు వీడి చొక్కా పట్టి లాగుతాడు, చివర్లో ఉన్న పిల్ల పసుప్పచ్చ డాండెలైన్ పువ్వు కోసుకుని వాళ్లమ్మ దగ్గరికి పరిగెడుతుంది.

దాని బదులు రెడ్ లైట్, గ్రీన్ లైట్ ఆడించు. గ్రీన్ అంటే బంతి తోసుకుంటూ కదలాలి, రెడ్ అంటే అరికాలు బంతి మీద పెట్టి టక్కున ఆపాలి. మ్యాచ్‌లో అందరూ బెల్లం ముక్కకు ఈగల్లా బంతి చుట్టూ మూగుతారు. మూగనీ. 'స్ప్రెడ్ అవుట్' అని గొంతు చించుకోకు. ఆ వయసులో బంతి నాది అన్న ఒక్క ముక్కే తెలుసు వాళ్లకి. పక్కవాడికి పాస్ ఇవ్వాలన్న ఆలోచన ఎనిమిదో తొమ్మిదో వచ్చేసరికి మెల్లగా బుర్రకెక్కుతుంది. మొత్తం ముప్పావుగంట చాలు, చివర్లో తప్పకుండా మ్యాచ్ ఉండాలి.

అసలు టెన్షన్ పిల్లలతో కాదు, గట్టు మీద కుర్చీలేసుకుని కూర్చునేవాళ్లతో. మనవాళ్లయితే మరీను, "ఎన్ని గోల్స్ కొట్టావు?" అన్నదే మొదటి ప్రశ్న. సీజన్ మొదలవకముందే అందరికీ ఒక మెయిల్ పెట్టు: చప్పట్లు కొట్టండి, పేరు పెట్టి పిలవండి, ఏం చెయ్యాలో మాత్రం అరిచి చెప్పకండి అని. ఒక పక్క నువ్వు, ఒక పక్క నాన్న, ఇంకో పక్క తాతయ్య చెప్తుంటే పిల్లాడు ఎవరి మాట వింటాడు?

అండర్-9, అండర్-10 జట్లకు ఏడుగురి ఆట, సైజు 4 బంతి. గోల్‌కీపర్ అక్కడే వస్తాడు, బిల్డ్-అవుట్ లైన్ అనే గీత కూడా. కీపర్ చేతికి బంతి రాగానే అవతలి జట్టు ఆ గీత వెనక్కి వెళ్లిపోవాలి, కీపర్ బంతిని గాల్లోకి తన్నకూడదు. వెనక నుంచి పాస్‌లతో ఆడటం అలవాటు కావాలనే ఈ ఏర్పాటు. ఆ క్రమంలో రెండు గోల్స్ పోతే పోనీ.

ఇక పెద్దమ్మాయి టీము, తొమ్మిదిమంది ఆట. చెప్పింది చక్కగా వినే వయసు, నలుగురిలో అంటే నొచ్చుకునే వయసు కూడా. ఏదన్నా దిద్దాలంటే పక్కకు పిలిచి చెప్పు. నైపుణ్యం ఒంటబట్టేది ఇప్పుడే కాబట్టి రెండో కాలి మీద పని చేయించు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అలవాటు లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టించేవారట. పది నిమిషాలు అలా ఆడించి చూడు, మొదట నవ్వుతారు, తర్వాత పట్టుదల వస్తుంది. ఇంకొకటి: పాస్ వస్తుండగా నువ్వు ఆ పిల్ల వెనక నిలబడి వేళ్లు చూపించు. బంతి కాలికి తగిలేలోపు భుజం మీంచి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి. చుట్టూ చూసి ఆడటం ఇంతకన్నా తేలిగ్గా నేర్పే మార్గం నాకు దొరకలేదు.

హెడింగ్, అంటే బంతిని తలతో కొట్టడం, ఆ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. పదేళ్లు, ఆలోపు పిల్లలకు పూర్తిగా నిషేధం, 11 నుంచి 13 మధ్య ప్రాక్టీసులో పరిమితంగానే. తలకు దెబ్బ తగిలి కాస్త తడబడినా ఆ రోజుకి ఆట బంద్, డాక్టర్ సరేనన్నాకే మళ్లీ. వాళ్ల నాన్న "ఏం కాలేదులెండి" అన్నా సరే.

అండర్-13 నుంచి పదకొండుమంది, సైజు 5 బంతి. అప్పటికి సగంమంది తాడిచెట్టంత ఎదుగుతారు, సగంమంది అలాగే ఉంటారు. పొట్టివాణ్ణి బెంచీకి అంటగట్టకు, వాడూ రేపు ఎదుగుతాడు. మోకాలి కింద నొప్పి అంటే సాకు అనుకోకు, ఎముకలు త్వరగా పెరిగే వయసులో అది మామూలే. ఆడపిల్లలకు మోకాలి లిగమెంట్ గాయాల బెడద మగపిల్లలకన్నా ఎక్కువ. పద్నాలుగు వచ్చేసరికి గాయాలు తగ్గించే ఫిఫా 11 ప్లస్ వార్మప్ అలవాటు చెయ్యి, ఇరవై నిమిషాల పని.

మీవాణ్ణి మైదానంలో అందరిలో ఒకడిగా చూడు. ఇంటికి వెళ్లేటప్పుడు కార్లో మ్యాచ్ గురించి వాడే ఎత్తితే తప్ప నువ్వు ఎత్తకు.

కోన్‌లు, రెండు రంగుల పెన్నీలు (జట్లను వేరు చెయ్యడానికి చొక్కా మీద తొడిగే చేతుల్లేని బనీన్లు), సైజు 3 బంతులు రెండు ఎక్కువగా కొని కారు డిక్కీలో పడేసి ఉంచు. పంపు సూదులు ఎప్పుడూ కనబడకుండా పోతాయి, ఓ నాలుగైదు తీసుకో.

మీ పెద్దనాన్న