నీ తహసీల్దారు ఎవరి ముందు తగ్గుతాడు?

చిరంజీవికి,

ఆశీస్సులు. నవల రాతప్రతి, దానితో పాటు పంపిన పాత్రల పట్టిక అందాయి. పట్టిక ముందు చదివాను. తహసీల్దారు పేరు పక్కన "అంతర్ముఖుడు, సూపర్ ఇగో బలంగా ఉంది, కర్తవ్యనిష్ఠ ఎక్కువ" అని రాసుకున్నావు; సూపర్ ఇగో అంటే మనిషి లోపల కూర్చుని తప్పొప్పులు చెప్పే కాపలాదారే కదా. ఇక నవలలో అతడు ఆ గీత దాటలేదు. పెళ్లిలో మౌనం, కచేరీలో మౌనం, తల్లి పోయిన రోజూ అదే మౌనం. మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసినదానివి, చదివింది పక్కన పడేయమని నేననను. అందులో ఏది రచయితకు పనికొస్తుందో, ఏది పాత్రను ముంచుతుందో చూద్దాం.

నీ నాయికకు మైయర్స్-బ్రిగ్స్ వ్యక్తిత్వ పరీక్ష ఇచ్చే నాలుగక్షరాల ముద్ర వేశావు చూడు, ముందు దాన్ని కొట్టేయి. ఆ పదహారు రకాల పద్ధతికి మూలం స్విస్ మనస్తత్వవేత్త యూంగ్ 1921లో రాసిన పుస్తకం. దాన్ని ప్రశ్నపత్రంగా మలిచినవాళ్లు అమెరికాలో ఒక తల్లీకూతుళ్లు, కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్. ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. ఇసబెల్ అంతకుముందు అపరాధ పరిశోధక నవల రాసింది, కాబట్టి మన వృత్తివాళ్ల పాపం కూడా ఇందులో కొంత ఉంది! అదే ప్రశ్నపత్రం కొన్ని వారాల తర్వాత మళ్లీ నింపితే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోతుంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులు 39 మందికి "ఇదీ మీ వ్యక్తిత్వం" అంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున నాలుగుకు పైనే వేశారు. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులోని వాక్యాలు ఎక్కువగా ఒక జాతకాల పుస్తకంలోవి. నీ నాయిక వర్ణన నాకూ సరిపోయింది. మా పక్కింటి రిటైర్డ్ బ్యాంకు మేనేజరుకూ సరిపోతుంది.

మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ దగ్గర రచయితకు దొరికేది తక్కువేమీ కాదు. మనిషి తాను చేసిన పనికి చెప్పే కారణం, అసలు కారణం వేరు కావచ్చన్న అనుమానం ఆయన పెట్టిన భిక్షే. కానీ పన్నెండో అధ్యాయంలో చిన్ననాటి గాయం ఒకటి తవ్వి తీసి, అన్నిటికీ అదే మూలం అన్నావు, అక్కడ కథ ఆగిపోయింది. 1920లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే ఇరవై రెండేళ్ల అమెరికన్ వియన్నాలో ఫ్రాయిడ్‌ను చూడబోయాడు. ఏం మాట్లాడాలో తోచక, దారిలో ట్రాములో చూసిన పిల్లవాడి సంగతి చెప్పాడు. వాడికి మురికి అంటే మహా భయం, పక్కన తల్లి గంజి పెట్టిన బట్టలా బిగుసుకుని ఉంది. అంతా విని ఫ్రాయిడ్ మెల్లగా "ఆ పిల్లవాడు నువ్వేనా?" అన్నాడు. పాపం, కుర్రవాడు ఏదో మాట కలపాలని చెప్పిన ముచ్చట అది. లోతుకు తవ్వేవాళ్లు కళ్లెదుట ఉన్నది వదిలేయగలరని ఆల్‌పోర్ట్‌కు ఆ రోజు అనిపించింది.

ఆ ఆల్‌పోర్టే మనస్తత్వవేత్తగా ఎదిగి 1936లో ఆడ్‌బర్ట్ అనే తోటి పరిశోధకుడితో కలిసి ఇంగ్లీషు నిఘంటువు గాలించి, మనిషి తీరును చెప్పే మాటలు 17,953 ఏరాడు. తర్వాతివాళ్లు అలాంటి మాటల్ని వడపోస్తూ పోయి చివరకు అయిదు లక్షణాల దగ్గర నిలిచారు. నీ పట్టికలోని కర్తవ్యనిష్ఠ ఆ అయిదింటిలోదే. వేలమందిని పోల్చడానికి ఆ కొలత నిజంగా మంచిది. అయితే అది చెప్పేది సగటు. నీ తహసీల్దారుకు వచ్చిన కష్టం ఒకానొక మంగళవారం నాడు, ఒకానొక ఫైలు మీద సంతకం దగ్గర వచ్చింది.

ఇక్కడ నీకు మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ కావాలి. లక్షణాల పరీక్షలో వచ్చిన మార్కుకూ, ఒక సందర్భంలో మనిషి చేసే పనికీ మధ్య సంబంధం, పూర్తిగా కలిస్తే 1 అనుకుంటే, 0.30 దాటడం అరుదని 1968లో ఆయన తేల్చినప్పుడు పెద్ద గొడవే అయింది. చాలా సందర్భాలు కలిపి చూస్తే స్థిరత్వం కనిపిస్తుందని అవతలివాళ్లు జవాబిచ్చారు, అదీ నిజమే. నాకు నచ్చింది ఆ తర్వాతి పని. ఆయనా, తోటి పరిశోధకులు షోడా, రైట్ ఒక వేసవి శిబిరంలో పిల్లల్ని వారాల తరబడి గమనించారు. మొత్తం మీద ఇద్దరు పిల్లల దుడుకుతనం ఒకే మోతాదులో ఉండవచ్చు. కానీ ఒకడు తోటివాడు దగ్గరకొస్తే తిరగబడతాడు, ఇంకొకడు పెద్దవాళ్లు హెచ్చరిస్తే తిరగబడతాడు. ఎవడి వరస వాడిది, అది చాలావరకు నిలకడగా ఉంది. తహసీల్దారును కలెక్టరు ముందు, అటెండరు ముందు, డబ్బున్న బావమరిది ముందు నిలబెట్టి చూడు. ఎక్కడ గొంతు తగ్గుతుంది, ఎక్కడ నోరు లేస్తుంది? భగవద్గీత పద్నాలుగో అధ్యాయం కూడా సత్త్వ, రజస్, తమో గుణాల్లో ఒక గుణం మిగతా రెండింటినీ అణచి పైకి లేస్తుందనే అంటుంది. మనవాళ్లే దాన్ని మనుషులకు శాశ్వతంగా అంటించారు.

మనస్తత్వవేత్త జార్జ్ కెల్లీని మాత్రం బల్ల మీదే ఉంచుకో. 1955లో ఆయన చెప్పిన పద్ధతి చాలా సులువు. మనిషికి తెలిసిన ముగ్గురి పేర్లు ముందు పెట్టి, "వీరిలో ఏ ఇద్దరు ఒకటి, మూడోవారు ఎందులో వేరు?" అని అడగాలి. జవాబు ఆ ముగ్గురి గురించి కంటే చెప్పినవాడి గురించి ఎక్కువ చెబుతుంది. ఇది నువ్వు నింపకు, తహసీల్దారు చేత నింపించు. భార్య, అన్న, అటెండరు. "భార్యా అటెండరూ అడగరు, అన్న అడుగుతాడు" అన్నాడనుకో, అతడికి లోకం అడిగేవాళ్లుగా, అడగనివాళ్లుగా చీలి ఉంది. లంచం ఎలా పుచ్చుకుంటాడో, కూతురు ఫీజు అడిగినప్పుడు ఎందుకు విసుక్కుంటాడో అందులోంచే వస్తుంది. "వాళ్లిద్దరూ నన్ను చూసి నవ్వరు" అన్నాడా, అది ఇంకో నవల.

వీలైతే ఆల్‌పోర్ట్ 1965లో వెలువరించిన జెన్నీ ఉత్తరాలు చదువు. జెన్నీ అన్నది మారుపేరు. కొడుకుతో పడని ఆ తల్లి, అతడి స్నేహితుడికీ, ఆ స్నేహితుడి భార్యకూ పదకొండేళ్లలో 301 ఉత్తరాలు రాసింది. వాటిని 36 మంది చేత చదివిస్తే ఆమెను వర్ణించడానికి 198 మాటలు వాడారు, ఆయన వాటిని ఎనిమిది గుంపులు చేశాడు. ముందు ఉత్తరాలు చదువు. ఆ ఎనిమిది ఏమై ఉంటాయో నువ్వు రాసుకున్నాకే విశ్లేషణ తెరువు.

ప్రస్తుతానికి మొత్తం తిరగరాయకు. బావమరిది ఇంట్లో భోజనాల ఘట్టం ఒక్కటి రాసి పంపు. అచ్చు కాస్త పెద్ద అక్షరాల్లో తీయించు, నా అద్దాలు మార్చుకోవడానికి ఇంకా నెల పడుతుంది.

మీ మాస్టారు